నవంబరు వేలిముద్ర

నా పెళ్లిచూపులకు వచ్చినవాళ్ళలో నాకు నచ్చింది పెళ్లికొడుకు తాత.

ఈ మాట ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పరకాలలో మా ఇంటి ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి వాళ్ళను కూర్చోబెట్టారు. పెళ్లికొడుకు బాగానే ఉన్నాడు. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో కొత్త ఫోను. పక్కన వాళ్ళ తాత చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని ఊదుకుంటూ తాగుతున్నాడు. మెడ దగ్గర చర్మం మడతలు పడి ఉంది. మణికట్టు మీద నరాలు తేలి ఉన్నాయి. గ్లాసు కింద పెట్టి, మీసం తుడుచుకొని, "చాయ్ మంచిగున్నది బిడ్డా" అన్నాడు. ఆ గొంతు వినగానే నా ముఖం ఎలా అయిందో ఏమో, మా అమ్మ అది పెళ్లికొడుకును చూసిన సిగ్గనుకొని మురిసిపోయింది.

సంబంధం ఖాయమైంది. పెళ్లికి నెల ముందే తాత చనిపోయాడు. ఆ ఇంటికి వెళ్లడానికి నాకున్న ఒక్క కారణమూ అలా ముందే పోయింది. మూడేళ్లు కాపురం చేశాను. ఆయన మంచివాడు. ఒక్కనాడు చెయ్యెత్తలేదు, మాట తూలలేదు. కానీ ఆయన పక్కన పడుకున్నప్పుడు నా ఒంట్లో ఏదీ కదిలేది కాదు. ఎంత నటించినా అది దాగలేదు. చివరికి ఇద్దరం ఒప్పుకొని విడిపోయాం. ఆయనకిప్పుడు ఇద్దరు పిల్లలు. పండుగకు ఫోటోలు పంపుతాడు, నేను బాగున్నాయని రాస్తాను.

నాకు వయసు మళ్ళిన మగవాళ్ళంటే ఇష్టం. గౌరవం, జాలి, సేవాభావం అని దీనికి చాలా మంచి పేర్లు పెట్టి చూశాను. ఒక్కటీ అతకలేదు. ఇది కోరికే. తెల్లబడిన రొమ్ము వెంట్రుకలు, మాట్లాడే ముందు ఒక క్షణం ఆగే అలవాటు, దేన్నైనా నెమ్మదిగా పట్టుకొని నెమ్మదిగా వదిలే వేళ్ళు. వీటిని చూస్తే నాకు ఒళ్ళు వేడెక్కుతుంది. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలికి ఒకసారి సగం చెప్పాను. "నీకు నాయిన ప్రేమ సరిగ్గ దొరకలేదే" అని తేల్చేసింది. మా నాయిన పరకాలలో నిక్షేపంగా ఉన్నాడు. నన్ను భుజాల మీద మోసి పెంచాడు, చదివించాడు, విడాకులప్పుడు ఒక్క మాట అడక్కుండా నా సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించాడు. ఆయన ప్రేమలో నాకు ఏ లోటూ లేదు. అంతా ఏదో ఒక రోగం పేరు చెప్తేనే ఊరుకుంటారు, అదే నాకు మంట.

ఇంకో మాట కూడా చెప్పాలి. ముసలివాళ్ళందరూ నాకు నచ్చుతారనుకుంటే పొరపాటు. అలా అయితే నా పని చేసే చోట నేను బతకలేను.

కాజీపేటలో స్టేషనుకు పోయే రోడ్డు మీద నాకు ఒక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, లామినేషన్ మిషను, నాలుగు కుర్చీలు. ఏడాదంతా కరెంటు బిల్లులు, హాల్‌టికెట్లు, కులం సర్టిఫికెట్ల దరఖాస్తులు. నవంబరు వచ్చిందంటే మాత్రం పింఛను తీసుకునేవాళ్ళు. తాము ఇంకా బతికే ఉన్నామని ఏటా ఒకసారి వాళ్ళు రుజువు చూపించాలి. అది చూపించకపోతే పింఛను ఆగిపోతుంది. రైల్వేలో చేసినవాళ్ళు, వాళ్ళు పోతే వాళ్ళ భార్యలు, భర్తలు పొద్దున్నే వచ్చి నా మెట్ల మీద కూర్చుంటారు. కేసముద్రం నుంచి రైల్లో వచ్చేవాళ్ళూ ఉన్నారు.

రుజువు అంటే బొటనవేలు. చిన్న అద్దం పలక మీద వేలు పెడితే కింద ఎర్ర లైటు వెలిగి గీతలు చదువుతుంది. తంటా అంతా అక్కడే. జీవితమంతా పనిచేసిన వేళ్ళకు గీతలు ఎక్కడుంటాయి? సిమెంటు కలిపినవాళ్ళవి, మిరపకాయలు ఏరినవాళ్ళవి, అంట్లు తోమినవాళ్ళవి అరిగి నున్నగా అయిపోయి ఉంటాయి. వాళ్ళు పదిసార్లు పెడతారు, మిషను పదిసార్లూ కాదంటుంది. దానికి నేనొక పద్ధతి కనిపెట్టాను. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి పాత ధోవతి గుడ్డ, మూతలో చుక్క కొబ్బరినూనె. వేలిని నీళ్ళలో ముంచి, తుడిచి, నూనె ఉందో లేదో అన్నట్టు రాసి, నా చేతుల మధ్య పెట్టుకొని కొంచెంసేపు రుద్దుతాను. తర్వాత దాని మీద నా బొటనవేలు పెట్టి అద్దానికి అదుముతాను. అప్పుడు పడుతుంది. వేరే సెంటర్లలో కానివాళ్ళు కూడా నా దగ్గరికి వస్తారు.

వేలిముద్ర పడే ముందు కంప్యూటరు రెండు ప్రశ్నలు అడుగుతుంది. మళ్ళీ ఉద్యోగంలో చేరారా? మళ్ళీ పెళ్లి చేసుకున్నారా? అవును, కాదు అని పక్కపక్కనే రెండు చిన్న గుండ్రాలు ఉంటాయి. అడక్కుండా కాదు నొక్కేయొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. నేను అడుగుతాను. మనిషి ఎదురుగా కూర్చొని ఉండగా, అడక్కుండా వాళ్ళ తరఫున జవాబు రాయడం నాకు నచ్చదు. ఆ రెండో ప్రశ్నకు కేసముద్రం నుంచి వచ్చే ఒక అవ్వ ఏటా ఒకటే జవాబు. "నన్నెవలు జేసుకుంటరు, నువ్వే ఓ పిలగాన్ని జూడు బిడ్డా!" అని మిగిలిన రెండు పళ్ళూ కనబడేలా నవ్వుతుంది. కొందరు పెద్దమనుషులు కస్సుమంటారు. కొందరు ఏడుస్తారు.

నాకు నచ్చిన ఆయన మొదటిసారి వచ్చినప్పుడు వీటిలో ఏదీ చేయలేదు.

ఐదేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ముప్పై ఏడు, ఆయనకు అరవై ఎనిమిది. సన్నగా, నిటారుగా ఉన్నాడు. తెల్లచొక్కా చేతులు మోచేతిదాకా మడిచి ఉన్నాయి, రెండు వైపులా ఒక్క మడత తేడా లేకుండా. గుమ్మంలో చెప్పులు విడిచి, "వందనాలు" అన్నాడు. చర్చికి పోయేవాళ్ళు చేసే ఆ పలకరింపు నాకు కొత్త కాదు కానీ ఆ గొంతు కొత్త. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన పని. ఆయన భార్య రైల్వేలో నర్సుగా చేసి, ఆ ఏడే చనిపోయింది. ఆమె పింఛను ఆయనకు వస్తుంది. నలభై ఏళ్ళు ఇనుప చక్రాలు తిప్పీ, జిడ్డు వదలడానికి గాసునూనెతో చేతులు కడిగీ ఆయన బొటనవేలు గచ్చులా అయిపోయింది.

"మళ్ళీ పెండ్లి చేసుకున్నరా సార్?" అని అడిగాను.

ఆయన తెర నుంచి నా వైపు తిరిగాడు. "గిట్ల అడగాల్నా?"

"అడగాలె సార్. కంప్యూటరు అడుగుతాంది."

"లేదని రాయి బిడ్డా," అన్నాడు. కోపం లేదు. ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టు భుజాలు ఒకసారి కదిలాయి, అంతే.

అందరూ ఆ వయసువాళ్ళను తాతా అనో పెద్దయ్యా అనో పిలుస్తారు. నేను ఆయనను సార్ అన్నాను. ఒకసారి తాతా అని పిలిస్తే ఇక వెనక్కి తీసుకోలేమని నాకు తెలుసు. ఆయన మాత్రం మాట మాటకూ బిడ్డా అనేవాడు. అన్నప్పుడల్లా నాకు ఎక్కడో కలుక్కుమనేది.

ఆ రోజు ఆయన వేలు పడడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన వెళ్ళాక నా అరచేతుల్లో మిషన్ నూనె వాసన మిగిలింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు చెంచా వాడాను.

రెండో నవంబరుకు ఆయన ముందురోజే వేలికి నూనె రాసుకొని, గుడ్డ చుట్టుకొని వచ్చాడు. నాకు పని తగ్గిద్దామని. నాకేమో ఎక్కడలేని నిరాశ వచ్చింది, ఐదు నిమిషాల్లో అయిపోతుందేమోనని. దేవుడు చల్లగా చూశాడు, పావుగంట పట్టింది. మూడో నవంబరుకు పొద్దున తొమ్మిదికే వచ్చి, తన తర్వాత వచ్చిన అందరినీ "మీరు గానియ్యిన్రి" అని ముందుకు పంపి, ఒంటిగంటకు చివరివాడిగా నా ముందు కూర్చున్నాడు. అది ఆయన మర్యాద కావచ్చు. చర్చి మనుషులు అలాగే ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. మళ్ళీ ఏడాదంతా ఆ ఒంటిగంట గురించే ఆలోచించాను.

నవంబరుకూ నవంబరుకూ మధ్య ఆయన ఒకటి రెండుసార్లు కనిపించేవాడు. నా సెంటరు పక్కన జాకెట్లు కుట్టే అక్క ఒకామె ఉంది. మా మధ్య గోడ అంటే ఒక ప్లైవుడ్ చెక్క. ఆమె మిషను మొరాయిస్తే ఆయన వస్తాడు. వచ్చినవాడు వెంటనే విప్పడు. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, చెవి దాని దగ్గర పెట్టి, కళ్ళు మూసుకొని వింటాడు. నేను కత్తెర అడిగే వంకతో వెళ్ళి గుమ్మంలో నిలబడేదాన్ని. ఆ చేయి నా నడుము మీద ఉంటే ఎలా ఉంటుందో అనుకునేదాన్ని. ఆయన చెవి నా రొమ్ము మీద ఆనించి, అలాగే కళ్ళు మూసుకొని వింటే ఏం వినిపిస్తుందో అనుకునేదాన్ని. అక్క "ఏందే, కత్తెర దీస్కపోవా?" అని గదిమేదాకా అక్కడే ఉండేదాన్ని.

నాలుగో నవంబరులో నేను తప్పు చేశాను.

ఆ రోజు సర్వరు నడవలేదు. మెట్ల నిండా జనం. ఆయనకు వారం రోజులుగా జ్వరం, చేతులు చల్లగా ఉన్నాయి. ఏడుసార్లు పెట్టినా వేలు పడలేదు. ఆ చల్లటి వేలిని రెండు చేతుల మధ్య పెట్టుకొని రుద్దుతూ, వెనక ఎవరో గొణుగుతుంటే వాళ్ళ మీద కసురుకుంటూ, ఎప్పటి ప్రశ్న ఎప్పటిలాగే అడిగాను. ఆయన లేదన్నాడు. నేను నొక్కాను. ముద్ర పడింది, కాగితం వచ్చింది. కళ్ళద్దాలు తెచ్చుకోలేదు, జర చదువు అన్నాడు. నేను కాగితం వైపు చూడకుండానే గడగడా చదివేశాను. ఏటా చదివేదే కదా.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆయన గుమ్మంలో నిలబడి వందనాలు అన్నాడు. నవంబరు కాని నెలలో, అక్క మిషను పని లేకుండా, నా దగ్గరికి. సంతోషంతో నాకు కుర్చీ చూపించడం కూడా తోచలేదు. ఆయనే కూర్చున్నాడు.

"నాకు పెండ్లయిందట," అన్నాడు.

ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పరిచాడు. నేనిచ్చిన ప్రింటే. మళ్ళీ పెళ్లి చేసుకున్నారా అన్నచోట అవును అని ఉంది.

"ఈ నెల పింఛన్ పడలే. బాంకుకు పోతె, పెండ్లి ఎప్పుడైంది, ఎవలతోనయింది, కాయితాలు దెమ్మన్నరు. ఇంట్ల కొడుకు నన్ను కొత్త మనిషిని జూసినట్టు జూస్తాండు. ఎవలు జెప్పిన్రో గని, చర్చిల ఇద్దరు ముసలోళ్ళు నాకు చెయ్యి గూడ గలిపిన్రు." అంటూ నవ్వాడు. "ఎవలతోనయిందో నాకే తెల్వదు, ఆ పిల్లనే అడగాలె అని ఇటొచ్చిన బిడ్డా."

పక్కపక్కనే ఉన్న గుండ్రాలు, చేయి జారింది. అప్పుడూ ఇప్పుడూ నేను చెప్పేది ఇదే. చేయి జారిందా, జారనిచ్చానా అని ఒట్టు వేయమంటే మాత్రం వేయలేను. ఆయన కోప్పడి ఉంటే క్షమాపణ చెప్పి, సరిచేసి పంపేదాన్ని. ఆయన నవ్వాడు. నాలుగేళ్ళుగా ఏటా నేను అడుగుతున్న ప్రశ్నను మొదటిసారి ఆయన నన్ను అడిగాడు.

"నాతోని," అన్నాను.

"ఏమన్నవ్ బిడ్డా?"

"బిడ్డ అనకున్రి సార్. నాతోని అన్న."

ప్రింటరు ఊరికే ఒకసారి గుర్రుమని ఆగింది. ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళలో మాత్రం లేదు.

"నీకెన్నేండ్లు?"

"నలభై."

"నాకు డెబ్బయ్యొకటి."

"తెలుసు సార్. ఏటా నేనే టైపు చేస్తాన."

కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. "ఒంటరిగుంటె మనసుకు గిట్లనే ఏందేందో అనిపిస్తది," అన్నాడు మెల్లగా. "నేను ముసలోన్ని. రాతిరి నాలుగుసార్లు లేస్త. ఒక చెవి సరిగ్గ వినవడదు."

"నాకు ముసలోళ్ళే నచ్చుతరు సార్. చిన్నప్పటి సంది కాదు, వయసొచ్చిన సంది. దాచుకునే ఓపిక ఇంక లేదు. అందర్ల మీరు ఎక్కువ నచ్చిన్రు." ఇంకా చెప్పాలనుకున్నాను. నా మణికట్టు దాకా పాకే మిషన్ నూనె వాసన గురించి, మూడో నవంబరు ఒంటిగంట గురించి.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ముందుగాల గది సరిచెయ్యి," అన్నాడు.

సరిచేయడమంటే మొత్తం మళ్ళీ మొదటినుంచి. ఆధార్ నంబరు, పేరు, ప్రశ్నలు, వేలు. అంతా చెప్పేసిన తర్వాత ఆ వేలిని మళ్ళీ చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది. నీళ్ళు పెట్టలేదు, నూనె రాయలేదు. "మళ్ళీ పెండ్లి చేసుకున్నరా సార్?" అని తెరను చూస్తూ అడిగాను. "లేదు," అన్నాడు. గుండ్రం మీద బాణం గుర్తును మూడుసార్లు చూసుకొని నొక్కాను. వేలు అద్దం మీద పెట్టగానే, మొదటిసారికే పడింది. అరిగిన వేలికి చెమట పడితే గీతలు తేలుతాయి. ఆయన చేయి తడిసిపోయి ఉంది. నాదీ అంతే.

కాగితం నన్ను చదవమనలేదు. తానే కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఒక్కో అక్షరం చదువుకొని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. వందనాలు అనలేదు. మెట్టు దిగబోతూ వెనక్కి తిరగకుండానే, "పైలంగ ఉండు," అన్నాడు. ఆ మాట చివర బిడ్డా అని లేదు. ఇంటికి వెళ్ళి స్టవ్ వెలిగించాక గానీ నాకది తట్టలేదు.

ప్లైవుడ్ చెక్క వెనకనుంచి అక్క అంతా విన్నది. మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తకముందే పట్టుకుంది. "ఇంతమంది మొగోళ్ళుండంగ నీకు గా ముసలాయన దొరికిండానే? ఆయన పండ్లు గూడ సొంతయి గావు!" అన్నది. రెండో నాడూ అదే పాట. మూడో నాడు ఊరుకుంది. చాలా రోజుల తర్వాత, ఒక జాకెట్టుకు హుక్కులు కుడుతూ, తల ఎత్తకుండా, "గంత ఇష్టమా?" అని అడిగింది. అవునన్నాను. దారం కొరికి, "నీ ఖర్మ," అన్నది. అందులో తిట్టు లేదు.

ఆ ఏడాదంతా ఆయన రాలేదు. అక్క మిషను పాడవాలని నేను కోరుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఒకరోజు అక్క భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె మిషను బెల్టు ముందు కత్తెర పట్టుకొని నిలబడ్డాను కూడా. కోయలేదు. తర్వాత దానంతటదే పాడైంది, కుట్టు వదిలేస్తోంది. అక్క నన్నొకసారి చూసి, ఆయనకు ఫోను చేసింది. స్పీకర్ పెట్టింది. "వేరేటోన్ని పిలువు బిడ్డా, నాకు చేతనైతలేదు," అన్నాడు. అక్కకు ఇంకా బిడ్డా మిగిలి ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం అది, నేను నా సెంటరులోకి వచ్చి, ఫ్యాను వేసుకొని, ఒక తెల్ల కాగితాన్ని ఊరికే లామినేట్ చేశాను.

గుడ్ ఫ్రైడే నాడు చర్చికి వెళ్ళాను. మాది చర్చికి పోయే ఇల్లు కాదు. కొంగు తల మీద కప్పుకొని, ఆడవాళ్ళ వైపు చివరి వరుసలో కూర్చున్నాను. మగవాళ్ళ వైపు నాలుగో వరుసలో ఆయన వీపు కనిపించింది. చొక్కా కింద భుజం ఎముకలు తెలుస్తున్నాయి, సన్నబడ్డాడు. మూడు గంటలూ ఆ ఎముకలనే చూశాను. లోపలికి వచ్చేటప్పుడే బయట ఆయన చెప్పులు గుర్తుపట్టాను, ఎడమది మడమ దగ్గర అరిగి ఉంటుంది. వాటి పక్కన నావి విడిచాను. ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు మెల్లగా బయటికి వచ్చేసరికి ఆయనవి లేవు. నావి మాత్రం, విడిచినప్పుడు ఎలా పడితే అలా ఉన్నవి, జతగా సర్ది ఉన్నాయి. అక్కడ చెప్పులు సర్దే మనిషి ఎవరైనా ఉంటారేమో. మిగతావాళ్ళవి చూశాను. చిందరవందరగా ఉన్నాయి.

ఆ ఒక్క జత చెప్పుల మీద మళ్ళీ నవంబరుదాకా బతికాను.

కానీ ఆ నవంబరు వేరేగా వచ్చింది. ఫోను ముందు ముఖం పెడితే చాలు, ఇంట్లోనే అయిపోతుందని అందరికీ తెలిసిపోయింది. కొడుకులు, కోడళ్ళు, మనవరాళ్ళు ఫోను పట్టుకొని "కండ్లార్పు తాతా" అంటే పని అయిపోతోంది. నా మెట్లు ఖాళీ. కేసముద్రం అవ్వ కూడా రాలేదు, మనవరాలు చేసిందట, ఫోను చేసి చెప్పింది. "ఫోను పెండ్లి సంగతి అడగనే లేదు బిడ్డా, మనవరాలే లేదని నొక్కేసింది," అని బాధపడింది. గిన్నెలో నీళ్ళు రోజూ పోసి పెట్టేదాన్ని. సాయంత్రానికి చల్లారి ఉండేవి. మొదటి వారం పోయింది, రెండోది పోయింది. ఆయన ఇంట్లో కొడుకున్నాడు, ఫోను ఉంది. ఇక రావలసిన అవసరం ఏముంది? ఒక్క బొటనవేలు కోసం ఏడాదంతా చూసే మనిషిని నేనేనేమో ఈ వరంగల్ మొత్తంలో అనుకొని నా మీద నాకే కోపం వచ్చింది. ఎదురుచూడడం మానేస్తానని రోజూ షట్టర్ దించేటప్పుడు అనుకునేదాన్ని.

నెల చివరి వారంలో, మధ్యాహ్నం ఒంటిగంటకు, ఎవరూ లేని వేళ, గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"వందనాలు."

లేచి నిలబడ్డాను. కూర్చోమన్నాను. ఆయన కూర్చున్నాడు. చొక్కా చేతులు అదే మడత. గోళ్ళు అప్పుడే కత్తిరించుకున్నట్టున్నాయి. వేలికి నూనె లేదు, గుడ్డ లేదు. కుడిచేయి బల్ల మీద పెట్టాడు. నేను నంబరు అడగలేదు, నాకు నోటికి వచ్చు. టైపు చేశాను.

ఈ ఏడాది ధ్రువపత్రం ఇప్పటికే అందింది అని తెర మీద వచ్చింది. మూడు వారాల కిందటి తేదీ. ముఖం ద్వారా ఇచ్చినట్టు ఉంది.

రెండుసార్లు చదివాను. ఎవరో ఫోను పట్టుకొని ఉంటారు, ఆయన దాని ముందు కూర్చొని కళ్ళు ఆర్పి ఉంటాడు. ఆయనకు తెలియకుండా అది జరగదు. నేను ఆయన వైపు చూశాను. ఆయన గిన్నెలో నీళ్ళను చూస్తున్నాడు.

"అయితాందా?" అన్నాడు.

తెరను కొంచెం నా వైపు తిప్పుకున్నాను. "ఇంక కాలే సార్. సర్వరు జర స్లో ఉన్నది. వేలు తుడవాలె."

"కానియ్యి. నాకేం తొందర లేదు."

నీళ్ళు వేడిగా లేవు. వెనక ఉన్న చిన్న స్టవ్ మీద పెట్టి మళ్ళీ గోరువెచ్చగా చేసి తెచ్చాను, ఆయన అంతసేపూ చేయి బల్ల మీదే ఉంచాడు. వేలు ముంచాను, తుడిచాను, నూనె రాశాను, రెండు చేతుల మధ్య పెట్టుకొని రుద్దాను. ఇంతకు ముందు ఎప్పుడూ ఇంత నెమ్మదిగా చేయలేదు. తర్వాత అద్దం మీద పెట్టి, పైన నా బొటనవేలు పెట్టాను. కింద ఎర్ర లైటు వెలగలేదు. మిషను తీగ కంప్యూటరుకు పెట్టనేలేదు, బల్ల మీద మా ఇద్దరి మధ్య ఊడి పడి ఉంది. ఆయన దాన్ని చూశాడు. నేను చూడడం కూడా చూశాడు.

అయినా అడగవలసింది అడగాలి కదా.

"మళ్ళీ పెండ్లి చేసుకున్నరా సార్?"

"లేదు," అన్నాడు. వేలు మాత్రం తీయలేదు.